సైకిల్ ప్రయాణానికి తేలికైన క్యాంపింగ్ సామాను ఎంచుకోవడం ఎలా: అరకు–లంబసింగి దారి ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

సైకిల్ ఫ్రేమ్‌కే సంచులు కట్టుకుని, టెంట్ మోసుకుని రెండు మూడు రోజులు తిరిగొచ్చే బైక్‌ప్యాకింగ్‌లో కొత్తవాళ్లు మొదట అడిగేది "ఏ టెంట్ కొనాలి?" అని. ఆ ప్రశ్న మూడో స్థానంలో రావాలి. మొదటిది: పడుకోబోయే రాత్రి ఎలా ఉంటుంది? రెండోది: మీ సైకిల్ మీద చోటు ఎక్కడ, ఎంత ఉంది? ఈ రెండూ తేలితే సగం సామాను దానంతట అదే తేలిపోతుంది.

ట్రెక్కింగ్ చేసేవాళ్లు గ్రాములు లెక్కపెడతారు. మనకు గ్రాముల కంటే ముందు లెక్కపెట్టాల్సింది సామాను పరిమాణం, ఆకారం. వీపు సంచిలో ఎలాంటి వస్తువైనా కుక్కేయొచ్చు. సైకిల్ మీద అలా కుదరదు. అర కిలో ఉన్నా దిండులా ఉబ్బే స్లీపింగ్ బ్యాగ్‌కు చోటు దొరకదు, కిలో ఉన్నా గట్టిగా నొక్కుకుపోయేది హాయిగా ఇమిడిపోతుంది. బరువు తగ్గించడం వల్ల లాభం లేదని కాదు. మనిషి 70 కిలోలు, సైకిల్ 14, సామాను 16 అనుకుందాం. మొత్తం వంద. సామాను 10 కిలోలకు తెస్తే ఘాట్ ఎక్కేటప్పుడు పడాల్సిన శ్రమ సుమారు 6 శాతం తగ్గుతుంది. అంతకంటే పెద్ద లాభం దిగేటప్పుడు, గుంతల్లో, బ్రేక్ వేసినప్పుడు తెలుస్తుంది. బండి మన మాట వింటుంది.

ఉదాహరణగా ఒకే దారి పట్టుకుందాం: విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట, అనంతగిరి ఘాట్ మీదుగా అరకు, అక్కడి నుంచి పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, లంబసింగి, చివరికి నర్సీపట్నం దిగి మళ్లీ విశాఖ. మొత్తం 300 కిలోమీటర్లు దాటుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో చాలామంది సైక్లిస్టుల మనసు లాగే దారి ఇది. సామానుకు నిజమైన పరీక్ష కూడా.

మొదటి పని: రాత్రిని కాగితం మీద రాసుకోండి

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, ఎత్తు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు. లంబసింగి వెయ్యి మీటర్ల దగ్గర ఉంటుంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అంటే విశాఖలో రాత్రి 17 డిగ్రీలుంటే పైన 11 ఉండాలి. కానీ ఈ లెక్కతో ఆగిపోతే రాత్రంతా వణుకుతారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడినంతా వదిలేస్తుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారి అక్కడే నిలిచిపోతుంది. అందుకే లంబసింగిలో ఆ నెలల్లో 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలు. కొన్నేళ్లు సున్నా దగ్గరకూ వెళ్లింది. కాబట్టి మీ కాగితం మీద "5 డిగ్రీలు, దట్టమైన మంచు" అని రాసుకోండి.

మంచు అంటే ఇక్కడ పొగమంచూ, తెల్లారేసరికి గడ్డి మీద నీళ్లలా కారే మంచూ రెండూ. వాన పడకపోయినా టెంట్ తడిసే చోటు ఇది. ఈ ఒక్క సంగతి టెంట్ ఎంపికనూ స్లీపింగ్ బ్యాగ్ ఎంపికనూ మార్చేస్తుంది.

రెండో మాట దోమలు. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా దశాబ్దాలుగా ఉన్న సమస్య. కాబట్టి పైన ఒక టార్పాలిన్ గుడ్డ కట్టుకుని కింద పడుకునే పద్ధతి ఎంత తేలికైనా ఇక్కడ వద్దు. చుట్టూ దోమతెర ఉన్న గూడు తప్పనిసరి. దీనికి కాస్త బరువు పెరిగినా బేరం లేదు.

మూడోది, ఎక్కడ పడుకుంటారు? రిజర్వ్ ఫారెస్టులో అటవీశాఖ అనుమతి లేకుండా టెంట్ వేయకూడదు. అరకు చుట్టూ కనిపించే కాఫీ తోటలు చాలావరకు గిరిజన రైతులవి, ఖాళీ స్థలాలు కావు. ఊళ్లోకి వెళ్లి పెద్దవాళ్లను అడిగితే బడి ఆవరణో, ఇంటి ముందు చోటో చూపిస్తారు. చీకటి పడ్డాక కాదు, వెలుతురుండగానే అడగాలి. అరకు, లంబసింగి ప్రాంతాల్లో డబ్బులు తీసుకుని టెంట్ వేసుకోనిచ్చే చోట్లూ ఉన్నాయి. బడి ఆవరణ అంటే సిమెంటు నేల కావొచ్చు, మేకులు దిగవు. ఇదీ కాగితం మీద రాసుకోండి, టెంట్ దగ్గర పనికొస్తుంది.

రెండో పని: సైకిల్‌ను టేపుతో కొలవండి

ఏమీ కొనకముందే మూడు కొలతలు తీయండి. హ్యాండిల్‌బార్ మీద బ్రేక్ లివర్ల మధ్య ఎంత ఖాళీ ఉంది, హ్యాండిల్‌బార్ నుంచి ముందు టైరు దాకా ఎంత, సీటు కింది నుంచి వెనక టైరు దాకా ఎంత. వంపు తిరిగిన డ్రాప్ హ్యాండిల్ సైకిళ్లలో లివర్ల మధ్య ఖాళీ తరచూ 40 సెంటీమీటర్లు కూడా ఉండదు. మామూలు టెంట్ పుల్లలు మడిచినా 45 నుంచి 50 సెంటీమీటర్లు ఉంటాయి. అవి హ్యాండిల్‌బార్‌కు అడ్డంగా చుట్టి కట్టే సంచిలో, అంటే ముందు రోల్‌లో, పట్టవు, పట్టించినా బ్రేక్ లివర్లను నొక్కుతుంటాయి. ఘాట్ దిగేటప్పుడు అది ప్రమాదం. ఇందుకే కొన్ని కంపెనీలు 30 సెంటీమీటర్ల దగ్గరకు మడిచే పుల్లలతో సైకిళ్ల కోసమే టెంట్లు తయారుచేస్తున్నాయి. వాటికి ఎక్కువ డబ్బు పెట్టలేకపోతే పుల్లలను విడిగా ఫ్రేమ్ పై గొట్టానికి కట్టేసి, గుడ్డను మాత్రమే ముందు రోల్‌లో పెట్టొచ్చు. ఖర్చు లేని, బాగా పనిచేసే ఉపాయం ఇది.

పొట్టిగా ఉన్నవాళ్ల సైకిళ్లలో ఫ్రేమ్ చిన్నది, సీటు కిందికి ఉంటుంది. పెద్ద సీట్ బ్యాగ్ పెడితే టైరుకు రాసుకుంటుంది. నిండిన సంచికి, టైరుకు మధ్య కనీసం నాలుగు వేళ్ల ఖాళీ, గుంతలో పడ్డప్పుడు కూడా, ఉండాలి. లేదంటే మొహమాటపడకుండా వెనక క్యారియర్ బిగించుకోండి. మన దగ్గర దొరికే హైబ్రిడ్ సైకిళ్లలో చాలావాటికి క్యారియర్ బిగించే రంధ్రాలు ఉంటాయి. దాని మీద ఒక వాటర్‌ప్రూఫ్ డ్రై బ్యాగ్ కట్టుకుంటే ఖరీదైన సీట్ బ్యాగ్ కంటే గట్టిగా, ఊగకుండా ఉంటుంది. చిత్రాల్లో అంత అందంగా కనిపించకపోవచ్చు, కానీ నేను దీన్నే మెచ్చుకుంటాను.

ఏది ఎక్కడ అనేదానికి సూత్రం ఒకటే: బరువైనవి కిందికీ మధ్యకీ, తేలికైనవి చివర్లకి. పనిముట్లు, నీళ్లు, తిండి, పవర్ బ్యాంక్ ఫ్రేమ్ బ్యాగ్‌లో. టెంట్ గుడ్డ, మ్యాట్ ముందు రోల్‌లో. అక్కడ మూడు కిలోలు మించితే హ్యాండిల్ తిప్పడం బరువవుతుంది. స్లీపింగ్ బ్యాగ్, బట్టలు వెనక. సీట్ బ్యాగ్‌లో బరువు పెడితే నిలబడి తొక్కేటప్పుడు కుక్క తోకలా అటూ ఇటూ ఊగుతుంది. ముందు ఫోర్క్‌కు బోల్ట్ రంధ్రాలుంటే చెరో సంచి కట్టొచ్చు, రెండువైపులా సమానంగా.

మూడో పని: టెంట్

ఒక్కరికైతే కిలోన్నర లోపు, ఇద్దరికైతే రెండు కిలోల దగ్గర. ఇది అందుబాటు ధరకూ తేలికదనానికీ కుదిరే హద్దు. కిలో లోపు టెంట్లూ ఉన్నాయి. వాటికి వాడే డైనీమా లాంటి గుడ్డ ధర చూస్తే అదే డబ్బుతో మంచి స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్ రెండూ వస్తాయని అర్థమవుతుంది. కొత్తవాళ్లు ఆ దారి పట్టకండి.

బరువు చూసేటప్పుడు కంపెనీలు రాసే రెండు అంకెలను గమనించండి. ఒకటి కనీస బరువు, అంటే లోపలి గూడు, పై గుడ్డ, పుల్లలు మాత్రమే. రెండోది మేకులు, తాళ్లు, సంచులతో కలిపి ప్యాక్ బరువు. మీరు మోసేది రెండోదే.

లంబసింగి లాంటి చోటుకు రెండు పొరల టెంట్ తీసుకోండి. మనిషి నిద్రలో వదిలే ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీళ్లవుతుంది. ఒకే పొర ఉంటే ఆ నీళ్లు మీ స్లీపింగ్ బ్యాగ్‌కే అంటుకుంటాయి. రెండు పొరలుంటే పై గుడ్డ లోపలివైపు తడిసినా లోపలి జాలీ మిమ్మల్ని దానికి తగలనివ్వదు. తలుపుల గాలి రంధ్రాలు చలి అని మూసేయకండి, మూస్తే తడి ఇంకా పెరుగుతుంది. చూడగానే పల్లం చోటు గాలి లేకుండా బాగుందనిపిస్తుంది, కానీ చల్లగాలి వచ్చి చేరేది అక్కడికే. కాస్త మెరక మీద, చెట్టు నీడలో వేస్తే చలీ మంచూ రెండూ తక్కువ. ఎండుకొమ్మలున్న చెట్టు కింద మాత్రం వద్దు.

నిలబడటానికి మేకుల మీద ఆధారపడని టెంట్‌ను ఫ్రీస్టాండింగ్ అంటారు. బడి సిమెంటు నేల మీద, గుడి మండపంలో, మేడ మీద కూడా నిలుస్తుంది. మేకులతోనే నిలబడేవి మూడు నాలుగు వందల గ్రాములు తక్కువుంటాయి, కానీ మన దేశంలో రాత్రి ఎక్కడ చోటు దొరుకుతుందో చెప్పలేం. ట్రెక్కింగ్ కర్రలతో నిలబెట్టే టెంట్లు చాలా తేలికని చదివి కొనేస్తారు కొందరు. సైకిల్ మీద వెళ్లేవాళ్ల దగ్గర కర్రలుండవు, వాటికోసం విడిగా పుల్లలు కొనాలి. ఆ బరువు కలిపి చూస్తే తేడా పెద్దగా మిగలదు.

గుడ్డ సంగతి: సిల్నైలాన్, అంటే సిలికాన్ పూసిన నైలాన్ గుడ్డ, గట్టిది, కానీ తడిస్తే సాగి వేలాడుతుంది. రాత్రి మధ్యలో లేచి తాళ్లు బిగించాలి. సిల్పాలీ, అంటే పాలిస్టర్ గుడ్డ, అంతగా సాగదు. మంచు కురిసే మన కొండలకు నాకు రెండోదే నచ్చుతుంది. నీటిని ఆపే శక్తిని వాటర్ కాలమ్ అని మిల్లీమీటర్లలో రాస్తారు. పై గుడ్డకు 1500 ఉంటే ఈ నెలల్లో చాలు. అడుగు గుడ్డకు మీ మోకాళ్ల ఒత్తిడి పడుతుంది కాబట్టి 3000 ఉంటే మంచిది. అడుగున వేసే ఫుట్‌ప్రింట్ కొనక్కర్లేదు, హార్డ్‌వేర్ షాపులో దొరికే పల్చటి ప్లాస్టిక్ షీటును టెంట్ అంచుకంటే రెండు వేళ్లు లోపలికే ఉండేలా కత్తిరించుకోండి. బయటికి వస్తే నీళ్లు దాని మీద నిలిచి కిందికి చేరతాయి.

నాలుగో పని: నిద్ర. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

పగలంతా ఘాట్ ఎక్కిన కాళ్లు రాత్రి నిద్ర లేకపోతే మర్నాడు తొక్కవు. టెంట్‌లో రాజీ పడండి, సంచుల్లో రాజీ పడండి, ఇక్కడ వద్దు.

స్లీపింగ్ బ్యాగ్ మీద మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి. ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించినవి. కంఫర్ట్ అంటే మామూలు మహిళ ఒళ్లు విరుచుకుని హాయిగా పడుకోగల చలి. లిమిట్ అంటే మామూలు మగవాడు ముడుచుకుని పడుకుంటే నిద్ర పట్టే హద్దు. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలుపుకోవడం, నిద్ర కాదు. షాపులో పెద్ద అక్షరాలతో కనిపించేది లిమిట్టో, ఇంకా ఘోరంగా ఎక్స్‌ట్రీమో కావొచ్చు. మీరు కంఫర్ట్ అంకెనే చూడండి. మన 5 డిగ్రీల లెక్కకు కంఫర్ట్ 5 ఉన్నది సరిపోతుంది, ఎక్కువ చలి వేసేవాళ్లకు 0. ఏ పరీక్షా పేర్కొనకుండా ఒకే అంకె రాసిన బ్యాగ్‌ను నమ్మకండి.

లోపల నింపేది రెండు రకాలు. బాతు, గూస్ పక్షుల మెత్తటి ఈకలను డౌన్ అంటారు. తేలిక, చిన్నగా నొక్కుకుంటుంది, ఏళ్లపాటు ఉంటుంది. దాని నాణ్యతను ఫిల్ పవర్ అని 650, 800 అంకెల్లో చెబుతారు. అంకె ఎక్కువైతే అదే వెచ్చదనానికి తక్కువ బరువు. తడిస్తే మాత్రం ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది. సింథటిక్ బరువెక్కువ, చోటు ఎక్కువ తింటుంది, కానీ తడిసినా కొంత పనిచేస్తుంది, ధర సగం. సైకిల్ మీద చోటే కొరత కాబట్టి డబ్బు పెట్టగలిగితే డౌన్ తీసుకుని, దాన్ని ఎప్పుడూ వాటర్‌ప్రూఫ్ సంచిలోనే ఉంచండి. పొద్దున్నే తడిగా మడిచేస్తే, మధ్యాహ్నం టీ తాగే చోట తీసి పావుగంట ఎండలో పరవండి. ఈ ఒక్క అలవాటు డౌన్‌ను ఏజెన్సీ మంచులో కాపాడుతుంది.

వీపు కింది భాగం లేని క్విల్ట్ అనే దుప్పటి రకం ఇంకా తేలిక. కింద పడి నలిగిన ఈకలు ఎలాగూ వెచ్చదనం ఇవ్వవు కాబట్టి ఆ భాగమే తీసేశారు. అటూ ఇటూ దొర్లేవాళ్లకు పక్కల నుంచి చలిగాలి దూరుతుంది. మొదటి ప్రయాణానికి బ్యాగే మేలు.

ఇక మ్యాట్. చలి పైనుంచి కంటే నేల నుంచి ఎక్కువ లాగుతుంది, మ్యాట్ లేని ఖరీదైన బ్యాగ్ వృథా. వెచ్చదనాన్ని ఆర్ వాల్యూతో కొలుస్తారు. ఎక్కువైతే నేల చలి తక్కువ. ఏఎస్‌టీఎం ఎఫ్3340 ప్రమాణంతో కొలిచిన అంకెలైతే కంపెనీల మధ్య పోల్చుకోవచ్చు. మన కొండలకు 2 నుంచి 3 చాలు. మడిచే ఫోమ్ మ్యాట్ 400 గ్రాములుంటుంది, పంక్చర్ భయం లేదు, కానీ పెద్ద కట్టలా ఉంటుంది. సైకిల్ మీద దానికి చోటు వెతకడమే పని. గాలి నింపేది సీసా అంత చిన్నదవుతుంది. అదే తీసుకోండి, అతికించే ప్యాచ్ కిట్ మర్చిపోకండి. ఆర్ వాల్యూలు కలుస్తాయి కూడా: 2 ఉన్న మ్యాట్ కింద పల్చటి ఫోమ్ షీట్ వేస్తే ఆ మేరకు పెరుగుతుంది, ముళ్ల నుంచి కాపాడుతుంది.

ఈ రెండూ ఒకేసారి కొనలేకపోతే పెద్ద నగరాల్లో ట్రెక్కింగ్ సామాను అద్దెకిచ్చే షాపులు ఉన్నాయి. అద్దె బ్యాగ్‌లో వేసుకోవడానికి కాటన్ బదులు సిల్క్ లైనర్ (లోపల వేసుకునే పల్చటి గుడ్డ సంచి) ఒకటి కొనుక్కోండి. శుభ్రంగా ఉంటుంది, కాస్త వెచ్చదనం కలుస్తుంది.

ఐదో పని: పొయ్యి కావాలా?

ఈ దారిలో నా సలహా: వద్దు. శృంగవరపుకోట, అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి అన్నిచోట్లా టిఫిన్, భోజనం దొరుకుతాయి. పొయ్యి, గిన్నె, గ్యాస్ కలిపి ముప్పావు కిలో నుంచి కిలో. దాని బదులు పల్లీ చిక్కీలు, ఖర్జూరం, అటుకులు, ఒక పూట పులిహోర మోసుకెళ్లండి. అటుకులకు నీళ్లు, బెల్లం ఉంటే నిప్పు అక్కర్లేదు. అరకులో బొంగు చికెన్ తినకుండా టెంట్‌లో నూడుల్స్ ఉడకబెట్టుకునే అవసరం ఏముంది!

పొద్దున్నే సొంత కాఫీ లేకుండా కుదరదనేవాళ్లకు చిన్న గ్యాస్ బర్నర్, 230 గ్రాముల స్క్రూ సిలిండర్ తగినవి. ఈ సిలిండర్లు విమానంలో తీసుకెళ్లకూడదు, రైల్లో మండే వస్తువులు తీసుకెళ్లడం చట్టప్రకారం నేరం. అంటే సైకిల్‌ను రైలెక్కించి అరకులో దిగాలనుకుంటే పొయ్యి ఆలోచనే మానుకోవాలి. స్పిరిట్ పొయ్యిలు తేలికే కానీ ఒరిగితే మంట పాకుతుంది, ఆ మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. ఎండుటాకులున్న చోట అసలు వద్దు. గిన్నె విషయంలో టైటానియం కోసం తాపత్రయపడకండి. అల్యూమినియం వేడిని బాగా పంచుతుంది, ధర తక్కువ, ఒక్క మనిషికి 700 మిల్లీలీటర్లు చాలు.

ఆరో పని: బట్టలు, నీళ్లు, మరమ్మతు

తొక్కే బట్టలు ఒక జత, పడుకునే బట్టలు ఒక జత, అంతే. పడుకునే జత ఎప్పటికీ పొడిగా ఉండాలి: థర్మల్స్, ఉన్ని సాక్సులు, మంకీ క్యాప్. చెమట బట్టలతో స్లీపింగ్ బ్యాగ్‌లోకి దూరొద్దు. పల్చటి డౌన్ జాకెట్ 300 గ్రాములుంటుంది. సాయంత్రం వేసుకోవచ్చు, రాత్రి తలకింద దిండు. రెయిన్ జాకెట్ వానకే కాదు, లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు పొద్దున్నే దిగేటప్పుడు గాలికి అడ్డు. ఆ దిగుడులో చేతివేళ్లు మొద్దుబారితే బ్రేక్ పట్టు పోతుంది కాబట్టి నిండు వేళ్ల గ్లవ్స్ తప్పనిసరి.

నీళ్లకు ఫ్రేమ్ మీద రెండు సీసాలు, ఖాళీగా మడిచే లీటరున్నర సంచి ఒకటి సాయంత్రానికి. ఊళ్లున్న దారి కాబట్టి ఫిల్టర్ లేకపోయినా నడుస్తుంది, క్లోరిన్ మాత్రలు నాలుగు ఉంచుకుంటే చాలు.

మరమ్మతు సంచిలో సైకిల్‌కు కావాల్సినవి మీకు తెలిసే ఉంటాయి. క్యాంపింగ్ కోసం మూడు కలపండి: విరిగిన టెంట్ పుల్లకు తొడిగే చిన్న గొట్టం, పంపుకు చుట్టిన రెండు మీటర్ల గట్టి టేపు, పాత ట్యూబు నుంచి కత్తిరించిన రబ్బరు పట్టీలు. ఆ పట్టీలు ఎంత గట్టిగా పడతాయంటే కొన్నవాటికి తీసిపోవు. వేలాడే కొసలు మాత్రం మడిచి కట్టండి, చక్రంలో చిక్కుకుంటే మనిషి పడతాడు. తల లైటు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్, దోమల క్రీము, మామూలుగా వాడే మందులు. ఇంతకుమించి ఏదైనా సంచిలోకి వెళ్తుంటే ఎందుకో మిమ్మల్ని మీరు అడగండి.

ఏడో పని: తూకం, ఆ తర్వాత ఒక రాత్రి పరీక్ష

వంటింటి డిజిటల్ కాటా తీసుకుని ప్రతి వస్తువూ తూచి రాయండి. అందుబాటు ధర సామానుతో ఒక్కరికి లెక్క సుమారుగా ఇలా వస్తుంది: టెంట్ 1.5 కిలోలు, స్లీపింగ్ బ్యాగ్ 0.9, మ్యాట్ 0.5, బట్టలు 1.3, రెయిన్ జాకెట్ 0.3, పనిముట్లు 0.9, లైట్లు, పవర్ బ్యాంక్ 0.6, మందులు, సబ్బు, బ్రష్ 0.4. మొత్తం 6.4. సంచుల బరువే 1.3 ఉంటుంది, దాన్ని చాలామంది లెక్కలో వేయరు. అది కలిపితే 7.7. తిండి, నీళ్లు మూడు కిలోలు. తిండి, నీళ్లు కలపకముందే మీ జాబితా పది దాటిందంటే టెంట్ మార్చే ముందు బట్టల సంచి తెరవండి. అదనపు బరువు ఎక్కువగా దొరికేది అక్కడే.

తూకం అయ్యాక మేడ మీద ఒకసారి టెంట్ వేయండి, తర్వాత చీకట్లో తల లైటుతో ఇంకోసారి. సామానంతా కట్టి ఊరి బయటి గతుకుల రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు తొక్కండి. ఏ పట్టీ వదులైంది, ఏ సంచి మోకాలికి తగిలింది, ఎక్కడ రాపిడి గుర్తు పడింది చూడండి. ఫ్రేమ్ మీద రాపిడి పడే చోట పాత ట్యూబు ముక్క అతికించండి.

ఆపై ఒక రాత్రి దగ్గర్లోనే. హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు 80 కిలోమీటర్ల లోపే, డబ్బు కట్టి టెంట్ వేసుకునే చోట్లు ఉన్నాయి. శ్రీశైలం దారి దగ్గరే కదా అని నల్లమల ఎంచుకోకండి. అది పులుల అభయారణ్యం, రాత్రిపూట అక్కడ రోడ్డు మీద రాకపోకలే ఆపేస్తారు. విశాఖ వాళ్లు ఘాట్ ఎక్కకముందు శృంగవరపుకోట దాకా వెళ్లి తెలిసినవాళ్ల తోటలో ఒక రాత్రి గడపొచ్చు. తిరిగొచ్చాక సామానంతా నేల మీద పరిచి మూడు కుప్పలు చేయండి: వాడినవి, వాడనివి, లేక ఇబ్బంది పడ్డవి. మందులు, మరమ్మతు సామాను, రెయిన్ జాకెట్ తప్ప రెండో కుప్పలోనివన్నీ అరకు ప్రయాణానికి ఇంట్లోనే వదిలేయండి. టెంట్‌ను, డౌన్ బ్యాగ్‌ను సంచుల్లోంచి తీసి పూర్తిగా ఆరబెట్టండి, బ్యాగ్‌ను నొక్కిపెట్టకుండా పెద్ద కాటన్ సంచిలో వదులుగా దాచండి.